ఆపుకోవడం

ఉప్పల్ నుంచి జనగామ దాకా వరంగల్ రోడ్డు మీద మనిషి బండి దిగి లోపలికి పరిగెత్తగల బాత్రూంలు పదకొండు ఉన్నాయి. ఘట్‌కేసర్ దగ్గర రెండు, బీబీనగర్ దాటాక ఒకటి, భువనగిరి చుట్టుపక్కల నాలుగు, ఆలేరులో రెండు, జనగామ పొలిమేరలో రెండు. ఎక్కువగా పెట్రోల్ బంకులు, టిఫిన్ సెంటర్లు. మూడింటికి గడియ లేదు. ఒకదానికి ఎప్పుడూ తాళం ఉంటుంది, తాళంచెవి పక్కన పంక్చర్ షాపతని దగ్గర ఉంటుంది. ఈ జాబితా నా ఫోన్‌లో ఉంది. జనగామ నుంచి మా తరిగొప్పులకు పోయే రోడ్డుకు మాత్రం జాబితా రాయలేదు. అక్కడ రాసుకోవడానికి ఏమీ లేదు, చెట్లున్నాయి.

గత ఏడాది నా పురీషనాళంలో చాలా భాగం తీసేశారు. క్యాన్సర్. కొంచెం ముందే దొరికింది. ముందు రేడియేషన్, తర్వాత ఆపరేషన్, పొట్ట మీద సంచితో మూడు నెలలు, మళ్లీ ఇంకో ఆపరేషన్ చేసి పేగును లోపలికి కలపడం. ఆ కథ ఇక్కడ చెప్పను. క్యాన్సర్ గురించి చెప్పుకోవడం ఇప్పుడు మర్యాదైన సంగతే అయింది. చెబితే వినేవాళ్లు కుర్చీ దగ్గరికి జరుపుకుంటారు, నీకు ధైర్యం ఎక్కువ అంటారు. ఆ తర్వాత మొదలైన దాని గురించి చెబితే మాత్రం మాట మారుస్తారు. నేను రాయాలనుకుంటున్నది ఆ రెండో దాని గురించే. మలం ఆగకపోవడం గురించి.

అసలు ఆగడం ఎట్లా జరుగుతుందో పోగొట్టుకునే దాకా నాకు తెలియదు. పెద్దపేగు చివర్లో పురీషనాళం ఒక గోదాము లాంటిది. వచ్చిందాన్ని దాచిపెట్టి, నిండాక కబురు పంపుతుంది. కబురు రాగానే లోపలి కండరం కాస్త సడలుతుంది. లోపలున్నది కిందికి జారి మలద్వారం పైభాగంలోని పొరకు తగులుతుంది. అది గాలా, నీళ్లా, గట్టిదా అని ఆ పొర తేల్చుకుంటుంది. గాలైతే వదలొచ్చు, కాకపోతే బయటి కండరం బిగుసుకుంటుంది. ఇదంతా మీటింగులో కూర్చుని ఎవరో స్లైడ్లు చూపిస్తుంటే, మనకు తెలియకుండానే, రోజుకు ఎన్నోసార్లు జరిగిపోతుంది. నేను పన్నెండేళ్లుగా కోడ్ రాస్తున్నాను, ఇంత పొందికైన ఇఫ్-ఎల్స్ ఎక్కడా చూడలేదు. ఆ గోదాము తీసేస్తే, నా భాషలో చెప్పాలంటే బఫర్ తీసేస్తే, వచ్చింది వచ్చినట్టే గుమ్మం దగ్గరికి వస్తుంది. గంటలో నాలుగుసార్లు, ఆ తర్వాత రెండు గంటలు ఏమీ లేక, మళ్లీ నాలుగుసార్లు. గాలి అనుకున్నది గాలి కాదు.

దీనికి డాక్టర్ల దగ్గర ఒక పేరుంది, లార్స్. దాన్ని కొలవడానికి డెన్మార్క్ పరిశోధకులు 2012లో ఒక మార్కుల పద్ధతి తయారుచేశారు. ఐదే ప్రశ్నలు, మొత్తం 42 మార్కులు. 30, ఆపైన వస్తే తీవ్రమైనట్టు. నాకు 41 వచ్చాయి. బీటెక్‌లో ఏ సబ్జెక్టులోనూ నేను ఈ పర్సెంటేజీ చూడలేదు. పోయిన ఆ ఒక్క మార్కు ఎందుకు పోయిందంటే, రోజుకు ఏడుసార్లకు మించి పోయేవాడికి నాలుగు మార్కులే, రోజుకు ఒకసారి కూడా పోలేనివాడికి ఐదు. వాడి బాధ వాడిది.

ఆ కాగితాన్ని చాలాసేపు చూశాను. ఈ మార్కులను ఎవరో కూర్చుని ఊహించి వేయలేదు. ఏ లక్షణం మనిషి బతుకును ఎంత చెడగొడుతుందో రోగుల జవాబుల నుంచి లెక్కగట్టి వేశారు. పల్చటి మలం తెలియకుండా కారిపోవడానికి ఎన్ని మార్కులో తెలుసా? మూడు. ఒక్కసారిగా తన్నుకొచ్చి పరిగెత్తాల్సి రావడానికి పదహారు. అంటే బట్టలు పాడవడం కన్నా, పాడవుతాయేమోనని చెవి కిందికి వేసి బతకడం ఐదింతలకు పైగా బరువన్నమాట. నేను అప్పటిదాకా నా సమస్య మురికి అనుకున్నాను. లెక్క చూస్తే, మురికికి మూడే.

మిగతా బరువు దేనిది?

సంచి ఉన్న మూడు నెలలు ఇంత సిగ్గు లేదు నాకు. ఇది ఎవరికి చెప్పినా ఆశ్చర్యపోతారు. పొట్ట మీద చిన్నపేగు కొస ఎర్రగా బయటికి కనిపిస్తూ ఉండేది, సంచి నిండేది, ఖాళీ చేసేవాణ్ణి. ఒకసారి లీకైతే మా అక్క కొడుకు, ఎనిమిదేళ్లవాడు, "మామా నీ ట్యాంకు ఓవర్‌ఫ్లో" అన్నాడు. నవ్వాను కూడా. సంచి తీసేసి, అంతా మామూలైందని బంధువులు ఫోన్లు చేసి అభినందించిన వారం నుంచీ సిగ్గు మొదలైంది. తేడా ఒక్కటే. చిన్నపేగు కొసకు కండరం పట్టు లేదు. అది నా మాట వినాలని ఎవరూ అనుకోరు, నేనూ అనుకోలేదు. మలద్వారం చుట్టూ రెండు కండరాలుంటాయి. లోపలిది మన మాట వినదు, బయటిది వింటుంది. మన ఇష్టం ఎక్కడ మొదలవుతుందో చూపించే గీత ఒంట్లో ఎక్కడైనా ఉందంటే, బహుశా అక్కడే ఉంది. ఆ గీత దగ్గర ఓడిపోతే జబ్బు పడ్డట్టు అనిపించదు, తప్పు చేసినట్టు అనిపిస్తుంది.

తెలుగులో దీనికి ఉన్న క్రియ చూడండి. ఆపుకోవడం. కోపం ఆపుకోవడం, ఏడుపు ఆపుకోవడం, నవ్వు ఆపుకోవడం, ఇది ఆపుకోవడం. అన్నింటికీ ఒకే మాట. పసిపిల్లవాడు మనిషి లెక్కలోకి వచ్చే మొదటి పరీక్ష ఇదే. పక్క తడపకపోతే మెచ్చుకుంటాం, తడిపితే నలుగురిలో చెప్పి నవ్వుతాం. ఆ తర్వాత జీవితమంతా నిగ్రహం అనే పెద్ద మాటతో మనం గౌరవించేదానికి పునాది అక్కడే పడిందేమో. ముప్పై నాలుగేళ్ల వయసులో ఆ మొదటి పరీక్ష మళ్లీ రాసి ఫెయిలయ్యాను. ఆ పరీక్ష పాసైతేనే గౌరవం అని నేనూ నమ్ముతున్నట్టు అప్పుడే తెలిసింది.

ఆఫీసులో అబద్ధాలు చెప్పాను. స్టాండప్ మధ్యలో కెమెరా ఆపేసి, తిరిగొచ్చి నెట్‌వర్క్ ప్రాబ్లం అన్నాను. తరిగొప్పులలో ఉంటున్నానని అందరికీ తెలుసు కాబట్టి నమ్మారు. నా పేగు చేసిన తప్పుకు మా ఊరు పేరు పోగొట్టుకుంది. నిజానికి మా ఇంట్లో నెట్ హైదరాబాద్ ఫ్లాట్‌లో కన్నా బాగుంటుంది. ఇది చిన్న అబద్ధమే. పెద్ద అబద్ధం డాక్టర్‌కు చెప్పాను. చెకప్‌కు పోవాలంటే ముందురోజు మధ్యాహ్నం నుంచి ఏమీ తినేవాణ్ణి కాదు. తర్వాత్తర్వాత ప్రయాణం లేని రోజుల్లో కూడా ఒకపూటే తినడం అలవాటైంది. తొమ్మిది కిలోలు తగ్గాను. ఎందుకు తినట్లేదని డాక్టర్ అడిగితే, ఆకలి లేదన్నాను. ఆకలి ఉంది. రాత్రి పడుకుంటే వంటింట్లోంచి తాలింపు వాసన వచ్చేది, మొహం గోడవైపు తిప్పుకునేవాణ్ణి. లోపలికి ఏమీ పోకపోతే బయటికి ఏమీ రాదు కదా. అన్నానికి అరగంట ముందు లోపెరమైడ్, రోజూ ఇసబ్‌గోల్, కటి కండరాల వ్యాయామాలు, వీటన్నింటికన్నా బాగా పనిచేసిన మందు అదే. ఏడాది, రెండేళ్లలో చాలామందికి మెరుగవుతుందని డాక్టర్ చెప్పాడు. నాకూ అవుతోంది. కానీ తినకపోతే ఈ పూటకే మెరుగు.

పుస్తకాలు చదివేవాణ్ణి కాబట్టి పుస్తకాల దగ్గరికి పోయాను. కుందేరా 'ది అన్‌బేరబుల్ లైట్‌నెస్ ఆఫ్ బీయింగ్'లో కిచ్ అనే మాటను, మలం అనేదే లేనట్టు నటించడంగా వివరిస్తాడు. ఇంజనీరింగ్ హాస్టల్లో ఆ పేజీ కింద గీతలు గీసుకున్నాను, నలుగురికి చదివి వినిపించాను. మొన్న మళ్లీ తీస్తే ఎందుకో ఆనలేదు. అది ఆలోచనలోని మలం. దానికి వాసన లేదు, ఉతకాల్సిన పని లేదు. పతంజలి నయం. శౌచం పాటిస్తే తన ఒంటి మీద తనకే ఏవగింపు పుడుతుందని, ఇతరులతో అంటుముట్టు పోతుందని యోగసూత్రాల్లో ఒక ఫలితంగా చెప్పాడు. ఆయన దాన్ని మంచి ఫలితంగానే చెప్పాడనుకోండి. కానీ ఒంటి మీద ఏవగింపునీ మనుషుల్ని అంటకపోవడాన్నీ పక్కపక్కన పెట్టడంలో ఆయనకు తెలిసిందేదో ఉంది. నాకు రెండూ ఒకే నెలలో వచ్చాయి.

ఏవగింపు లేదని నేను అనను. వాసన వాసనే, ముక్కు అబద్ధం చెప్పదు. కానీ ముక్కు చెప్పేదానికీ మనం పడే సిగ్గుకూ మధ్య దూరం ఉంది. ఇంగ్లండ్‌లో ఎనిమిదో హెన్రీ దగ్గర 'గ్రూమ్ ఆఫ్ ది స్టూల్' అనే పదవి ఉండేది. రాజు మలవిసర్జనకు కూర్చున్నప్పుడు దగ్గరుండి చూసుకోవడం ఆ మనిషి పని. ఆ ఉద్యోగం పనివాళ్లకు ఇచ్చేవారు కాదు, నమ్మకమైన పెద్దింటివాళ్లకు ఇచ్చేవారు. రాజు చెవికి అంత దగ్గరగా ఉండేవాడు దేశంలో ఇంకొకడు లేడు కాబట్టి, జనం వాడి దగ్గరికి పనులు చేయించుకోవడానికి వచ్చేవారు. ఫ్రాన్స్‌లో పద్నాలుగో లూయీకి మలద్వారం దగ్గర ఫిస్టులా వస్తే 1686 నవంబర్‌లో ఆపరేషన్ చేశారు. రాజు మీద కత్తి పెట్టే ముందు ఆ సర్జన్ నెలల తరబడి పేద రోగుల మీద సాధన చేశాడు. రాజు బతికాడు. బతకడమే కాదు, ఆ జబ్బు దర్బారులో ఫ్యాషనైంది. జబ్బు లేనివాళ్లు కూడా తమకూ అదే ఆపరేషన్ చేయమని సర్జన్ల వెంట పడ్డారని చెబుతారు. పదార్థం అదే, వాసన అదే. ఒకచోట దాని దగ్గర నిలబడినవాడు రాజుకు ఆంతరంగికుడయ్యాడు. మన దగ్గర అదే ఎత్తినవాళ్లు అంటరానివాళ్లయ్యారు.

అంటే సిగ్గు ఆ పదార్థంలో లేదు. అది ఎవరి ఒంట్లోంచి వచ్చింది, ఎవరి చేతికి అంటింది అన్న లెక్కలో ఉంది.

ఈ లెక్క నాకు హైదరాబాద్‌లో దొరకలేదు, మా ఇంటి గేటు దగ్గర దొరికింది. మొదట్లో డైపర్లు వాడాను. జనగామ మెడికల్ షాపులో నల్లకవర్లో చుట్టి ఇస్తారు, అదే నల్లకవర్లో మళ్లీ చుట్టి చెత్తబుట్టలో వేసేవాణ్ణి. డైపర్లు పారేయడానికి కంపెనీలే ప్యాకెట్‌తో పాటు సంచులు ఇవ్వాలని 2016 ఘన వ్యర్థాల నిబంధనల్లో పెట్టారు. నేను కొన్న ప్యాకెట్‌లో సంచులు లేవు. ఒక పొద్దున కిటికీలోంచి చూస్తుంటే పంచాయతీ ట్రాక్టర్ వచ్చింది. వెనక నిలబడ్డతను మా బుట్ట తీసుకుని, తడిచెత్తా పొడిచెత్తా అని చూడటానికి ఆ నల్లకవర్ ముడి విప్పాడు. చేతికి గ్లౌజులు లేవు. చూసి, మొహం పక్కకు తిప్పుకుని, మళ్లీ ముడి వేసి ట్రాక్టర్లో వేశాడు. ఇంటివైపు చూడలేదు. నేను మాత్రం కర్టెన్ వెనక్కి జరిగాను. నా గౌరవం కాపాడుకోవడానికి కొన్న వస్తువు అతని చేతుల్లో ఉంది.

చేతులతో మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చాయి. రెండూ మొదలయ్యేది రాజ్యాంగ పీఠికలో ఉన్న వ్యక్తి గౌరవం అనే మాటతోనే. కోలార్ బంగారు గనుల ఊళ్లో పుట్టిన బెజవాడ విల్సన్ సఫాయి కర్మచారి ఆందోళన్‌తో దశాబ్దాలుగా పట్టుకు తిరుగుతున్నదీ ఆ మాటనే. ఆయనకు 2016లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. అప్పుడు నేను ఫేస్‌బుక్‌లో పోస్టు పెట్టాను కూడా. హాస్పిటల్‌లో నాకిచ్చిన కాగితాల్లోనూ గౌరవం అనే మాట ఉంది. అక్కడ అది రోగి గౌరవం. చట్టంలో అది ఎత్తేవాళ్ల గౌరవం. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డు పడే సందర్భం ఉంటుందని, ఆ సందర్భం మా గేటు దగ్గర పొద్దున ఏడింటికి వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

ఆ రోజు నుంచి డైపర్లు మానేశాను, ప్రయాణాలకు తప్ప. అమ్మ పాత నూలుచీరలు చింపి గుడ్డలు చేసింది. నేనే ఉతుక్కుంటానన్నాను. కొన్ని రోజులు ఉతుక్కున్నాను. నీరసంగా ఉన్న రోజుల్లో నేను లేచేసరికి గుడ్డలు దండెం మీద ఉండేవి. వద్దని గొడవపడ్డాను.

"నువ్వు పుట్టినప్పుడు ఎవలు కడిగిండ్రురా?" అంది అమ్మ.

ఈ మాటకు ఏ కొడుకూ జవాబు చెప్పలేడు. కానీ నాకు ఆ క్షణాన జవాబు కాక ఇంకో ప్రశ్న వచ్చింది. "మరి నాయినమ్మకు ఎవరు కడిగిన్రమ్మా?"

అమ్మ గుడ్డ పిండటం ఆపింది.

నాయినమ్మ నేను ఎనిమిదో తరగతిలో ఉండగా తుంటి ఎముక విరిగి పడింది. పదకొండు నెలలు కొట్టం పక్క అర్రలో నులకమంచం మీద ఉంది. మంచానికి మధ్యలో నులక కోసి, కింద బూడిద పోసిన తట్ట పెట్టారు. ఇది నాకు గుర్తుంది. ఆ అర్ర ముందు నుంచి పోవాల్సొస్తే ఊపిరి బిగబట్టి పరిగెత్తేవాణ్ణి, అదీ గుర్తుంది. పొద్దున ఒకసారి పెరటి దర్వాజలోంచి ఒకామె వచ్చేది. మా బట్టలుతికే ఇంటామె. సాయంత్రం అన్నం గిన్నె పట్టుకుని ముందు దర్వాజ దగ్గరికి వచ్చేదీ ఆమెనే. పొద్దున పెరటి నుంచి, సాయంత్రం ముందు నుంచి. మధ్యలో ఆమె ఏం చేసేదో నేను చూడలేదు, చూడకుండా ఉండటమే నేర్చుకున్నాను.

"నన్ను ముట్టుకోనియ్యలే బిడ్డా," అంది అమ్మ. "అందరికి వండిపెట్టే చేతులు, నువ్వు అండ్ల పెట్టకు అన్నరు మీ మేనత్తలు."

"ఇప్పుడు నా గుడ్డలు ఉతికి, మళ్లీ నువ్వే వండుతున్నవు గదా?"

"ఇప్పుడు సబ్బులు మంచియొచ్చినయి," అని లోపలికి పోయింది.

మాది దొరల ఇల్లేం కాదు. ఆరెకరాలు, ఒక బావి. వెట్టి గురించి మాట్లాడినప్పుడు మేమెప్పుడూ దొరలనే తలచుకుంటాం. ఇదే జిల్లాలో ఉన్న పాలకుర్తి చాకలి ఐలమ్మ భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్ మీద నిలబడిన కథ మా ఇళ్లలో అందరం గర్వంగా చెప్పుకుంటాం. ఐలమ్మ ఎవరి గుడ్డలు ఉతికే కులంలో పుట్టిందో, ఆ గుడ్డల మీద ఏముండేదో, ఆ వాక్యాన్ని మాత్రం తొందరగా దాటేస్తాం. నేను కాలేజీలో తెలంగాణ సాయుధ పోరాటం మీద వ్యాసం రాసి బహుమతి తీసుకున్నాను. అందులో వెట్టి అనే మాట చాలాసార్లు వస్తుంది. మా కొట్టం పక్క అర్ర ఒక్కసారీ రాదు.

ఇక్కడ నా తర్కం కొంచెం తడబడుతుంది, దాచను. నా సిగ్గు వెనుక కులం ఉందని తేల్చుకున్నంత మాత్రాన సిగ్గు పోలేదు. మరునాడు కూడా బాత్రూం చేరేలోపే అయిపోయింది, మరునాడు కూడా గోడకు తల ఆనించి నిలబడ్డాను. కారణం తెలియడం వేరు, తగ్గడం వేరు. ఆ మాటకొస్తే ఇదంతా నేను అపరాధభావంగా మార్చుకుని హాయిపడుతున్నానేమో కూడా. ఒంటి సిగ్గు కన్నా సామాజిక అపరాధభావం చెప్పుకోవడానికి బాగుంటుంది, లైకులొస్తాయి. నేను చదివే చాలా వ్యాసాలు ఆ పని చేస్తాయి. అందుకే ఆమె దగ్గరికి పోవాలా వద్దా అని రెండు వారాలు ఆలోచించాను. పోయి ఏమనాలి? క్షమించమనా? ఆమెకు దానితో ఏం పని?

"ఇప్పుడు పోయి ఏమంటవురా?" అని అమ్మ కూడా అడిగింది. అడిగి, అరటిపండ్లు ఒక కవర్లో పెట్టి ఇచ్చింది.

మా ఇంటి నుంచి ఆ ఇంటికి నడిస్తే ఏడు నిమిషాలు. పోయే ముందు మామూలుగానే ఏమీ తినలేదు. ఆమె అరుగు మీద కూర్చుని ఉంది. మోకాళ్ల నొప్పులకు గుడ్డపట్టీలు కట్టుకుంది. ఇప్పుడు ఆ ఇంట్లో ఎవరూ ఊరి బట్టలు ఉతకరు. కొడుకు ఆటో నడుపుతాడు, మనవడు హైదరాబాద్‌లో డెలివరీ చేస్తాడు. ముందు గుర్తుపట్టలేదు. ఎవరి కొడుకునో చెప్పగానే "అయ్యో పటేలా" అని లేవబోయింది. ఎనభై ఏళ్ల మనిషి, మోకాళ్లు వంగక, గోడ పట్టుకుని. నేను భుజం పట్టి కూర్చోబెట్టాల్సి వచ్చింది.

"లేవకు అవ్వా. కూసో."

పక్కన కూర్చున్నాను. కాసేపు వానల గురించి, ఎవరు పోయారో ఎవరున్నారో ఆ మాటలు. ఎందుకొచ్చావని ఆమె అడగలేదు. అడగకపోయేసరికి నాకే ఆగలేదు. ఇంతకాలంగా రకరకాల మాటల్లో చెప్పాను. డాక్టర్‌తో ఇంగ్లీషులో, ఆఫీసులో అబద్ధంలో, ఈ వ్యాసంలో ఇప్పటిదాకా పురీషనాళం, మలద్వారం అనే పుస్తకం మాటల్లో. ఆమెకు ఆ మాటలు పనికిరావు.

"పేగు ఆపరేషన్ అయింది అవ్వా. దొడ్డికి ఆగుతలేదు నాకు," అన్నాను.

ఆమె నన్ను కింది నుంచి పై దాకా చూసింది. జాలిపడలేదు. "ఆగకుంటే ఏమైతది, కడుక్కుంటరు," అంది, ఇంట్లో బియ్యం అయిపోతే తెచ్చుకుంటరు అన్నట్టు.

తర్వాత నాయినమ్మ ప్రస్తావన నేను తేలేదు. ఆమే తెచ్చింది.

"మీ నాయినమ్మ ఆగక సావలే బిడ్డా. తినక సచ్చింది."

నాకు అర్థం కాలేదు. ఆకలి మందగించిందని, జనగామ నుంచి డాక్టర్‌ని తీసుకొచ్చి సెలైన్ కూడా ఎక్కించారు. ఆఖరి రెండు నెలలు ఏమీ ముట్టలేదని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

"ఆకలెందుకు లేదు. మస్తుండె. నేను పొద్దుగాల ఒక్కసారే వస్త గద. నేను పోయినంక అయితే, మల్ల తెల్లారి నేనొచ్చేదాంక అండ్లనే పండాలె. ఎవలను పిలుస్తది? పిలిస్తె ఎవలొస్తరు? గందుకే తినుడు బందువెట్టింది. నాతోని చెప్పింది గూడ. గింత గట్క తినవ్వా అంటే, వద్దే, మల్ల నీకే పని అన్నది."

"మావోళ్లకు చెప్పలేదా నువ్వు?"

"నన్నెవలు అడిగిండ్రు?"

కోపంగా అనలేదు. నేను అడిగాను కాబట్టి చెప్పింది, అంతే. అరుగు కింద కోళ్లు తిరుగుతున్నాయి. పదకొండు నెలలు రోజూ ఆ అర్రలోకి పోయిన మనిషికి నాయినమ్మ ఎందుకు తినట్లేదో తెలుసు. డాక్టర్‌కు తెలియదు, నాన్నకు తెలియదు, ముగ్గురు కూతుళ్లకు తెలియదు. సెలైన్ బాటిల్ ఎక్కించినవాళ్లు పెరటి దర్వాజ దగ్గర ఒక్క మాట అడిగితే సరిపోయేది. నాయినమ్మ కూడా మాతో చెప్పలేదు. తన ఆకలి సంగతి చెప్పాలంటే ఆ రెండో సంగతి చెప్పాలి. ఆ రెండో సంగతి చెప్పగలిగింది ఊళ్లో ఒక్కరితోనే.

ఆమె నా చేతి మణికట్టు పట్టుకుంది. వేళ్లతో చుట్టి చూసింది. వేళ్లు కలిసి ఇంకా చోటు మిగిలింది.

"నువ్వు తింటున్నవా?"

నేనేమీ అనలేదు. ఆమె ఇంకోసారి అడగలేదు. లోపలికి తిరిగి కోడల్ని చాయ్ పెట్టమని కేకేసింది.

చాయ్ తాగితే నాకు పది నిమిషాలు కూడా పట్టదు. ఇంటికి ఏడు నిమిషాల నడక. మామూలుగా అయితే ఇప్పుడే తాగొచ్చానని చెప్పేవాణ్ణి. గ్లాసు తెచ్చిన కోడల్ని, అక్కా మీ బాత్రూం ఎక్కడుంది అని అడిగాను. ఆమె కొంచెం ఇబ్బందిపడి అత్తవైపు చూసింది. అత్త పెరటివైపు చేయి చూపించింది.

గ్లాసు తీసుకున్నాను.